మా ఆయన నోట ముసుగు మనిషి మాటలు

మా ఆయన పోయిన పదోరోజున, సముద్రం ఒడ్డున, ఊరి ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చుని ఉండగా నేను మాటలు కట్టి ఏడ్చాను. మా పల్లెల్లో ఏడుపంటే ఉత్త ఏడుపు కాదు. పోయిన మనిషి ఏం తినేవాడో, ఎలా నడిచేవాడో, ఏమనేవాడో ఒక్కొక్కటీ ఎత్తుకుని, రాగం తీసి, అందరికీ వినపడేలా చెప్పి ఏడవాలి. పక్కన కూర్చున్నవాళ్ళు మెడ చుట్టూ చెయ్యి వేసి, మాట చివర తమ గొంతు కలుపుతారు. ఏమీ చెప్పలేక ఊరికే కుళ్ళి కుళ్ళి ఏడ్చే ఆడదాన్ని చూస్తే, పాపం దీనికి మొగుడు ఒక్క మాటైనా మిగల్చలేదు అనుకుంటారు.

నాకు ఆ దిగులు లేదు. ఇరవై ఏళ్ళుగా నెత్తిన తట్ట పెట్టుకుని ఊరూరా "సేపలో" అని అరిచి అరిచి నా గొంతు గీసుకుపోయింది. వినడానికి బాగోదు గానీ చాలా దూరం పోతుంది. పైగా నా దగ్గర మా ఆయన మాటలున్నాయి. అవి తలుచుకుంటే చాలు, రాగం దానంతటదే వచ్చింది.

"నాను రాకపోతే సీకటి గెలిసిందనుకోకన్నావు మావా, దారి పొడుగైందనుకోమన్నావు మావా! ఎంత పొడుగు దారి ఎల్లిపోనావు మావా! బయం నాకూ ఉన్నాది, దాన్ని ముందు నడవనివ్వనన్నావు మావా! నా మొకం కాదు, నాను నిలబడ్డ సోటు గుర్తెట్టుకోమన్నావు, ఏ సోటు సూసుకోను మావా!"

ముసలమ్మలు సైతం ముక్కు చీదారు. "ఎంత మాటన్నాడమ్మా బావు" అని ఒకావిడ గుండె బాదుకుంది. మా ఆడబిడ్డ కూతురు, ఆ ఏడే పెళ్ళయిన పిల్ల, పైట నోటికి అడ్డం పెట్టుకుని వంగిపోయింది. మేనమామ మీద ఎంత ప్రేమో అనుకున్నాను.

స్నానాలు చేసి ఇంటికొచ్చాక నేను తడి చీరతో గోడ వెనక నిలబడి ఉన్నాను. గోడకి ఇవతల మనిషి ఉందని వాళ్ళకి తెలియదు. ఆడబిడ్డ కూతురు నా కూతురితో అంటోంది.

"ఒసే, మీయమ్మ ఏటే, సినిమా డైలాగులు సెప్పి ఏడుస్తన్నాది? నాకు నవ్వాగనేదు. అయ్యన్నీ ఆ ముసుగోడివి. మా ఇంటాయన పొద్దస్తమానం టీవీలో ఏసుకుని అయ్యే సూస్తాడు."

"ఊరుకో వదినా. అమ్మ ఇంటాది."

"ఇంటే ఏటి? నాను అబద్దం సెప్తన్నానా? గోపురం మీద నిలబడతాడు సూడు, నల్లకోటోడు..."

"నాకు తెల్సు. ఊరుకో అంటన్నాను కదా."

నా కూతురికి తెలుసట. ఆ మాట ముందు గుచ్చుకుంది.

అసలు మా ఆయన సంగతి చెప్పాలి. పెళ్ళయిన కొత్తలో ఆయన నోట్లో మాట ఉండేది కాదు. మా ఊరి మగాళ్ళందరిలాగే ఏడాదిలో తొమ్మిది నెలలు గుజరాత్ వైపు హార్బరులో పెద్ద బోట్ల మీద పనికి పోయేవాడు. వేటకి పోయి, పది పదిహేను రోజులకి ఒడ్డెక్కినప్పుడు ఫోను చేసేవాడు. "ఊ", "ఆ", "ఉంటాను", అంతే. వేసవి చివర ఇంటికొచ్చినా అంతే. గోడకి ఆనుకుని తాడు పురులు విప్పుకుంటూ కూర్చునేవాడు. అన్నం ముందు పెడితే తినేవాడు. కూరలో ఉప్పు లేకపోతే లేదని కూడా అనేవాడు కాదు. "నీ మొగుడు మూగోడేటే?" అని మా అమ్మే అడిగింది.

తర్వాత ఏడెనిమిదేళ్ళకి ఆయన చేతికి వేలితో రుద్దే ఫోను వచ్చింది. అప్పటినుంచి మాట వచ్చింది. ఒకసారి ఫోనులో ఉన్నట్టుండి అన్నాడు.

"నాను రాకపోతే సీకటి గెలిసిందనుకోకు. దారి పొడుగైందనుకో."

"ఏటి మావా అలగంటన్నావు?" అంటే నవ్వి ఫోను పెట్టేశాడు. మనిషి దూరాన ఉండి ఉండి, నీళ్ళకేసి చూసి చూసి, లోపల పండుతున్నాడనుకున్నాను. కాయ ముదిరితే తీపి రాదా, అలాగని. ఆ తర్వాత నెలకో రెండు నెలలకో ఒక మాట వచ్చేది. నాకు చదువు లేదు. సంతకం పెడతాను, బస్సు మీద శ్రీకాకుళం అని ఉంటే పోల్చుకుంటాను. రాసి పెట్టుకోవడం చేతకాక ఆ మాటల్ని నోట్లోనే నానబెట్టుకునేదాన్ని. తట్ట మోస్తూ అనుకునేదాన్ని. తోటి చేపలవాళ్ళకి చెప్పేదాన్ని. ఒకామె కొడుకు మొదటిసారి బోటెక్కుతుంటే, ఆమె బస్టాండులో కూలబడి ఏడుస్తుంటే, "బయం ఉంటాది, దాన్ని ముందు నడవనివ్వకు, ఎనక రానీ. మా ఆయన అంటాడు" అన్నాను. ఆవిడ లేచి తట్ట ఎత్తుకుంది. ఆ రోజంతా నేను రాణిలా నడిచాను.

నా రెండో కాన్పులో మగబిడ్డ పుట్టి గంట కూడా ఉండలేదు. ఆయన నీళ్ళ మీద ఉన్నాడు. ఒడ్డుకొచ్చాక ఫోనులో విన్నాడు. ఆ చివర కెరటాల చప్పుడు, కాకుల చప్పుడు. తర్వాత అన్నాడు.

"దెబ్బని తడుముకుంటే మానదు. మోసుకుని నడు. నడుస్తా ఉంటే అదే మానుతాది."

పదిహేను రోజులు మంచం దిగనిదాన్ని, ఆ మర్నాడు లేచి చేపల రేవుకి పోయాను. ఆ మాట పట్టుకునే లేచాను.

ఇప్పుడు ఆడబిడ్డ కూతురు, అదంతా సినిమా అంది.

నా కూతుర్ని పట్టుకుని అడిగాను. అది అప్పుడు ఇంటర్ చదువుతోంది. శ్రీకాకుళం బస్సులో పోయి వస్తుంది. మొదట గోళ్ళు చూసుకుంది.

"నాన్న ఫోనులో ఉన్నాయమ్మా. మూడు సినిమాలు. ఇంగ్లీషోళ్ళవి, తెలుగులో మాట్లాడించినవి. ముసుగేసుకుని ఊరిని కాపాడతాడు ఒకడు. నవ్వడు. ఎక్కువ మాట్లాడడు."

"నీకెప్పుడు తెల్సు?"

"తొమ్మిదిలో ఉన్నప్పుడు. నాన్నని అడిగినాను. మీ అమ్మకి సెప్పకే, ఆ మాట్లు ఇని మురిసిపోతాది, పోనీ అన్నాడు."

మురిసిపోతాది. ఆ మాట తగిలి, చెయ్యెత్తి గోడకున్న ఆయన ఫొటోని వెనక్కి తిప్పేశాను. పద్దెనిమిదేళ్ళు కాపురం చేశాను. నా దగ్గర ఆయనది మిగిలింది ఆ మాటలొక్కటే. ఆయన్ని పోయాక కూడా నేను చూడలేదు. వల లాగుతుంటే అల కొట్టి బోటు మీదనుంచి పడిపోయాడట. రెండో రోజుకి దొరికాడట. తేవడానికి వీలుగా లేడని అక్కడే దహనం చేసి, మా తండేలు అన్న, అంటే ఆ బోటు నడిపే పెద్ద, బూడిద కుండా ఒక సంచీ తెచ్చాడు. సంచిలో రెండు లుంగీలు, ఒక స్వెట్టరు, ఫోను, దాని చార్జరు. మొహం లేదు, ఒళ్ళు లేదు, మాటలున్నాయి కదా అనుకున్నాను. అవి కూడా ఎవరివో. వాటినే పదిమందిలో, సముద్రం సాక్షిగా రాగం తీసి ఏడ్చాను.

నెల రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. తట్టతో తిరుగుతుంటే దారి పొడుగునా ఆ మాటలు నోట్లోకి వచ్చేవి, ఉమ్మేసేదాన్ని. ఆయన నాతో ఎప్పుడైనా మాట్లాడాడా అసలు, లేక పద్దెనిమిదేళ్ళూ నేను ఒక మూగవాడితోనూ ఒక సినిమాతోనూ కాపురం చేశానా అని దొలిచేది.

ఒకరోజు రేవులో నెత్తళ్ళనే సన్న చేపలు ఏరుతుంటే చేతులు వాటంతటవి ఆగిపోయాయి. చివరి ఫోను గుర్తొచ్చింది.

అది గాలివాన వెళ్ళిన మూడో సాయంత్రం. మా ఇంటి తాటాకు కప్పు మొత్తం లేచి ఎటో పోయింది. గోడలు నిలబడ్డాయి, నడుమ ఆకాశం. బియ్యం తడిశాయి, పొయ్యి కరిగింది. ఊరందరం బడిలో తలదాచుకున్నాం. నేను ఇంటికొచ్చి బురద ఎత్తుతున్నాను. ఫోను ప్లాస్టిక్ కవరులో చుట్టి జాకెట్లో పెట్టుకున్నాను. అది మోగింది.

"ఎలాగుండారు?"

"ఎలాగుంటాం? ఇంటికి కప్పు నేదు. అక్కడ కూకుని ఎలాగుండారని అడుగు."

"పాప?"

"బడిలో ఉన్నాది. ఊరంతా బడిలోనే ఉన్నాది. మగాళ్ళున్న ఇళ్ళల్లో అప్పుడే తాటాకులు కప్పుకుంటన్నారు."

వెనక ఇంజను చప్పుడు. తర్వాత, ఆ మాటలు చెప్పే ముందు ఎప్పుడూ చేసినట్టే గొంతు సవరించుకున్నాడు.

"ఇను. నీళ్ళకన్నా నాను ఎక్కువ బయపడీది..."

"ఆపు మావా. నీ మాట్లు కప్పుతాయేటి ఇంటి మీద? ఎప్పుడొస్తావో అది సెప్పు. నేదంటే ఫోనెట్టీ."

నేనే కట్ చేశాను. చేతినిండా బురద, ఫోను కూడా బురదైంది. ఎనిమిదో రోజున తండేలు అన్న ఫోను చేశాడు.

నెత్తళ్ళ బుట్ట దగ్గర నాకు తట్టింది ఇదీ. అన్నీ సినిమాలోవే అయితే ఈ మాట కూడా అందులోనే ఉండాలి. మిగతా సగం అక్కడ ఉంటుంది. నీళ్ళకన్నా ఎక్కువ భయపడేది ఏమిటో ఆ ముసుగువాడు చెబుతాడు. మా ఆయన నాతో అనబోయిన ఆఖరి మాట పూర్తిగా నా చేతికి వస్తుంది. ఎవరి మాటైతే ఏమిటి, ఆ సాయంత్రం నాకోసం ఎత్తుకున్న మాట కదా. సిగ్గంతా పోయింది. బుట్ట అక్కడే వదిలి ఇంటికి పరిగెత్తి, పెట్టెలోంచి ఫోను తీసి చార్జింగు పెట్టాను.

ఆదివారం కాలేజీ లేదు. పొద్దున్నే నా కూతుర్ని కూర్చోబెట్టాను. ఇంటి మీద నీలం టార్పాలిన్ వేసుకున్నాం కదా, లోపల అన్నీ నీలంగా కనపడేవి. బొమ్మ సరిగ్గా అవుపించక గుమ్మంలో నీడకి కూర్చున్నాం. ముందు ఇసుకలో వల మీద నెత్తళ్ళు ఎండుతున్నాయి. కాకుల్ని తోలడానికి నా చేతిలో కర్ర. ఆయన ఇంట్లో ఉన్నప్పుడు చెవుల్లో తీగలు పెట్టుకుని ఈ ఫోనునే చూస్తూ కూర్చునేవాడు. పక్కనుంచి తొంగి చూస్తే అంతా నల్లగా ఉండేది. ఏముందందులో అనుకునేదాన్ని.

నిజంగానే అంతా నలుపు. రాతి గోడలు, సూదుల్లాంటి గోపురాలు, పొద్దస్తమానం వాన. గోపురం అంచున ఒకడు నిలబడి ఉంటాడు. కాళ్ళ దాకా నల్లకోటు, మొహానికి ఇనుప ముసుగు. వాడి తమ్ముడు ఆ ఊరి వరదలో కొట్టుకుపోయాడట, అప్పటినుంచి వాడు నవ్వడు.

"ఈ ఊరికి ఎండే రాదేటే? ఒక్క సేపా ఎండదు."

"అమ్మా, సూడు ముందు."

"ఆ కోటు తడిసి ఎంత బరువుంటాదో. ఎవులు ఉతుకుతారు?"

"అమ్మా!"

"అడుగుతన్నాను. పెళ్ళాం నేదు కదా ఆడికి."

నా కూతురు నవ్వు ఆపుకోలేక ఫోను కింద పెట్టింది. ఆయన పోయాక ఆ ఇంట్లో నవ్వు అదే మొదటిసారి. కాకి వచ్చి నాలుగు నెత్తళ్ళు ఎత్తుకుపోయింది.

మాటలు ఒక్కొక్కటీ వచ్చాయి. మా ఆయన మన మాటలో చెప్పినవి అక్కడ ఇస్త్రీ చేసినట్టు నున్నగా ఉన్నాయి. "భయం నాకూ ఉంది. దాన్ని నాకంటే ముందు నడవనివ్వను." పోలీసామెతో అన్నాడు. "నా ముఖం గుర్తుంచుకోకు, నేను నిలబడిన చోటు గుర్తుంచుకో." ఒక దొంగని గోడకి అదిమి పట్టి అన్నాడు. ఆ మాట మా ఆయన నాతో అన్నది, రైలెక్కుతూ, నేను ఆయన చొక్కా పట్టుకుని వదలనప్పుడు. స్టేషనులో ఆయన నిలబడ్డ చోట ఉన్న స్తంభాన్ని నేను చాలాసార్లు చూశాను తర్వాత.

బిడ్డ పోయినప్పటి మాట కోసం కాచుకుని ఉన్నాను. అది వచ్చింది. ముసుగువాడు దాన్ని ఒక గుర్రంతో అన్నాడు. కాలు విరిగిన గుర్రం, వానలో పడి ఉంది. దాని మెడ నిమిరి, "గాయాన్ని తడుముకుంటే మానదు. మోసుకుని నడు" అన్నాడు. గుర్రం లేచింది.

"గుర్రంతోనేటే?" అన్నాను.

నా కూతురు నా మొహం చూసి భయపడి ఆపేసింది. నాకు కోపం రాలేదు. నేను కూడా లేచాను కదా.

రెండో ఆదివారం రెండో సినిమా. దారి పొడుగైందనుకో అన్న మాట అందులో ఉంది. ఎవరితో అంటాడో అని చూస్తే ఎవరితోనూ కాదు. ఊరంతా తలుపులు వేసుకుని నిద్రపోతుంటే గోపురం మీద నిలబడి గాలికి చెబుతాడు. వినేవాళ్ళు లేరు. ఆ మాట నేను ఎన్నేళ్ళు విన్నానో, ఎంతమందికి చెప్పానో. వాడి మాట వాడి ఊళ్ళో ఎవరూ వినలేదు, ఇక్కడ మా బస్టాండులో చేపల తట్టల దగ్గర విన్నారు. అది చూశాక ఫొటోని మళ్ళీ ముందుకి తిప్పాను.

కానీ నీళ్ళ మాట రాలేదు.

మూడో సినిమాలో ఉంటుందని నా నమ్మకం. మూడోదాంట్లో నీళ్ళు ఎక్కువ. ఊళ్ళోకి ఏరు వచ్చేస్తుంది, వంతెనలు కూలిపోతాయి, ముసుగువాడు మునిగి తేలతాడు. నేను కర్ర పక్కన పడేసి రెండు చేతులతో నా కూతురి మోకాలు పట్టుకున్నాను. చివర, ఆ పోలీసామె గట్టు మీద వాణ్ణి ఎదురుగా నిలబెట్టి అడిగింది, "నీకు దేనికి భయం?" అని. వాడు ఆమెకేసి చూశాడు. వాన మొహం మీదనుంచి కారుతోంది. నోరు తెరిచినట్టే తెరిచి, కోటు విదిలించుకుని వెళ్ళిపోయాడు. పేర్లు పడ్డాయి.

"అయిపోనాదా?"

"అయిపోనాదమ్మా."

"మళ్ళా ఎయ్యి."

మూడూ మళ్ళీ వేయించాను. రెండోసారి బొమ్మ చూడలేదు, కళ్ళు మూసుకుని చెవులతో విన్నాను, ఎవరైనా చిన్న వేషంవాళ్ళు, చాటునుంచి అంటారేమోనని. లేదు. ఆడబిడ్డ కూతురికి కూడా ఫోను చేయించాను. సిగ్గుపడుతూనే, తన మొగుడ్ని పక్కన పెట్టుకుని చెప్పింది. "నేదత్తా. మా ఇంటాయనకి అన్నీ కంఠతా వచ్చు. నీళ్ళ మాట ఎక్కడా నేదంటన్నాడు."

అప్పుడు నా కూతురి మొహం వెలిగిపోయింది.

"అమ్మా! ఐతే అది నాన్నదేనే! సినిమాది కాదు. నాన్న సొంతం. సూసినావా, నీతో సొంతంగా మాట్లాడినాడు."

పిల్ల ఎంతో ఆశగా చెప్పింది. నన్ను ఓదార్చే మాట దొరికిందనుకుంది. నేను లేచి ఇసుకలోకి పోయి, వల పక్కన చతికిలబడి, ఎండిన నెత్తళ్ళను తిరగేశాను. తిరగేసినవాటినే మళ్ళీ తిరగేశాను. పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి ఆ మనిషి ఎవరి మాటా అరువు తెచ్చుకోకుండా, తన లోపలున్నది తీసి నా చేతిలో పెట్టబోయాడు. ఇంటి మీద కప్పుతాయేటి అన్నాను. ఫోనెట్టీ అన్నాను.

సినిమా మాటైనా బాగుండేది. దొరికేది.

అయినా ఆశ చావదు. నాలుగో సినిమా ఏదైనా బోటు మీద చూశాడేమో అన్నది ఒక్కటి మిగిలింది. అది తండేలు అన్నకే తెలియాలి. ఫోనులో అడిగే మాట కాదు. ఆయన మళ్ళీ గుజరాత్ బోటెక్కేశాడు. వేసవి దాకా ఆగాను. వేట ఆపి మగాళ్ళంతా ఇళ్ళకి వచ్చాక ఒక పొద్దున ఆటో ఎక్కి వాళ్ళ ఊరు పోయాను. ఆయన ఇంటి ముందు నీడలో వల బాగు చేసుకుంటున్నాడు.

"రా సెల్లీ. ఎండలో వచ్చీసినావేటి? ఒసే, సెల్లికి నీళ్ళియ్యే" అని లోపలికి కేకేశాడు.

నీళ్ళు తాగి, ముందూ వెనకా చూడకుండా అడిగేశాను. "అన్నా, ఆ బోటు మీద మా ఆయన ముసుగోడి సినిమాలు మూడు కాకుండా ఇంకేవైనా సూసినాడేటి?"

ఆయన దారం పంటితో తెంపుతూ ఆగిపోయాడు.

"మూడే సెల్లీ. మా పేణాలు తీసీవోడు. మేం పాటలు ఎయ్యరా అంటే ఆడు అయ్యే తిప్పి తిప్పి సూసీవోడు. నీకు ఫోను సేసే రోజైతే మరీను. ఒడ్డు దగ్గరికొస్తన్నామంటే ఎనక్కెల్లి నిలబడి, ఏ మాట సెప్పాలో ఎతుక్కునీవోడు. నా దగ్గరికొచ్చి, తండేలూ, ఇది సెప్తే బాగుంటాదేటి అనీవోడు. ఒకసారి నాను, ఇది ఒద్దురా, ఇది దొంగతో సెప్పిందిరా అన్నాను. పర్నేదు, నాను సెప్తే అది దానికి ఏరేగా ఉంటాది అన్నాడు."

ఆయన నా మొహం చూడకుండా వలకేసి చూస్తూ చెప్పుకుపోయాడు.

"నీకు సెప్పాలా ఒద్దా అని నానే ఇదవుతన్నాను. గాలివానప్పుడు ఒడ్డునున్నాం కదా. ఆడు నీకు ఫోను సేసినాడు. నాను ఇంజను కాడ ఉన్నాను. ఆ రోజు నన్నేటీ అడగనేదు ఆడు, ఏ మాట సెప్పాలా అని. సినిమా కూడా సూడనేదు."

"నానే కట్ సేసీసినాను అన్నా."

"తెల్సు. ఫోను దీపం ఆరిపోనాది, నాకు కనపడ్నాది. ఆడు సెవి కాడినుంచి తియ్యనేదు. అలగే ఎట్టుకుని మాట్లాడినాడు. నోరు కదుల్తన్నాది."

"ఏటన్నాడు?"

"ఇంజను సప్పుడు సెల్లీ."

"ఒక్క మాటైనా ఇనపడ్నేదా?"

"నేదమ్మా. ఇనపడుంటే నీకు సెప్పనా?"

ఓదార్చడానికి కల్పించి చెబుతున్నాడేమోనని ఆయన కళ్ళలోకి చూశాను. ఆయన కల్పించే మనిషి కాదు. కల్పించేవాడైతే ఆ మాట కూడా కల్పించి ఇచ్చేవాడు.

"ఎంతసేపు మాట్లాడినాడు?" అన్నాను.

ఆయన చేతిలో దారాన్ని వేలికి చుట్టుకుంటూ ఆలోచించాడు. తొందరపడలేదు.

"సానాసేపే. తర్వాత ఫోను తుడుసుకుని జేబులో ఎట్టుకున్నాడు. అన్నం తినరా అంటే వచ్చి తిన్నాడు."

అన్నం తిన్నాడు. ఆ రోజు నేను తినలేదు, బియ్యం తడిసిపోయాయి కదా.

తండేలు అన్న భార్య కూర వేసి అన్నం పెడతానంది, వద్దన్నాను. ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డాను. నా కూతురు ఇంటి దగ్గర కాచుకుని ఉంటుంది, ఏమన్నాడు అని అడుగుతుంది. దానికి ఏం చెప్పాలో దారంతా వెతుక్కున్నాను. నాన్న మాట పూర్తి చేశాడు, సగంలో ఆపలేదు, అని చెప్పాను. ఆ మాటేమిటని అది అడిగింది. నాకు తెలియదన్నాను. అది నా చేతిలో సంచి తీసుకుని లోపలికి పోయింది.